ఉప్పునీళ్ల ఊళ్లలో పైపులు, గీజర్లు, మోరీలు: ఆపద వేళ ఇంటివాళ్లు చేయవలసిన పనులు

మా ఇల్లు నల్లగొండలో ఉంది. డాబా మీద వెయ్యి లీటర్ల ట్యాంకు, దాని అడుగున మూడు వాల్వులు ఉన్నాయి. ఒకటి వంటింటికి, ఒకటి స్నానాల గదులకు, మూడోది పెరట్లోని నల్లాకు నీళ్లు వదులుతుంది. ఇల్లు కట్టిన తరువాత ఏళ్ల తరబడి ఆ వాల్వులను మేము ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు. ఒక మే నెల మధ్యాహ్నం, ఎండకు పెళుసెక్కిన పైపు ఎల్బో (మలుపు అతుకు) దగ్గర పుటుక్కున విరిగి, నీళ్లు మెట్ల మీదుగా హాల్లోకి రావడం మొదలైంది. పరుగున వెళ్లి వాల్వు పట్టుకుంటే అది కదలలేదు. దాని మెడ చుట్టూ తెల్లటి ఉప్పు రాయిలా గట్టిపడి ఉంది. ఇంకా బలంగా తిప్పేసరికి పిడి విరిగి చేతిలోకి వచ్చింది. అప్పుడు పక్కింటి పెద్దాయన పిట్టగోడ అవతలి నుంచి, "బిడ్డా, ముందు ట్యాంకుల చెయ్యి వెట్టి లోపటి బొక్కకు గుడ్డ కుక్కు, వాల్వు సంగతి తర్వాత జూద్దం" అని కేక వేశారు. పాత లుంగీని కర్రకు చుట్టి, ట్యాంకు లోపలి నుంచి ఆ రంధ్రంలోకి కుక్కిన తరువాతనే నీళ్లు ఆగాయి. అంగుళం పైపు పూర్తిగా తెరుచుకుంటే వెయ్యి లీటర్లు ఖాళీ కావడానికి పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. ప్లంబర్ రావడానికి పట్టే సమయం అంతకంటే ఎప్పుడూ ఎక్కువే కనుక, ఆ మొదటి పావుగంటలో ఇంటివాళ్లు ఏమి చేయాలన్నదే ఈ వ్యాసంలో ప్రధానంగా చెప్పదలచుకున్నాను.

మన ప్రాంతం గురించి ఒక మాట ముందే చెప్పాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో బోరు నీళ్లు గ్రానైటు రాతి పగుళ్లలోంచి వస్తాయి. చాలాచోట్ల అవి బాగా కఠినమైన నీళ్లు; మనం ఉప్పునీళ్లు అనేది వీటినే. అందులో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, స్టీలు గిన్నెలో కాచి చల్లారిస్తే అడుగున తెల్లటి పొర మిగులుతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీటి వసతి లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. గిన్నె అడుగున కనిపించే ఆ తెల్లటి పొరే వాల్వులను బిగదీస్తుంది, గీజరులో నీళ్లను కాచే కాయిల్‌ను కాల్చేస్తుంది, సబ్బుతో కలిసి మోరీని, అంటే వాడిన నీళ్లు బయటికి పోయే దారిని మూసేస్తుంది. ఇంటి పైపుల విషయంలో వేరే ఊళ్లవాళ్ల సలహాలు మనకు పూర్తిగా సరిపోకపోవడానికి కారణం ఇదే.

వాల్వులు ఎక్కడ ఉన్నాయో ముందు చూడండి

ఏ ఆపదా లేని ఒక ఉదయం ఇంట్లో పెద్దవాళ్లందరినీ తీసుకొని ఇల్లంతా ఒకసారి తిరగండి. గేటు దగ్గర మున్సిపల్ నల్లా లేదా మిషన్ భగీరథ (రాష్ట్ర తాగునీటి పథకం) నల్లా వచ్చేచోట ఒక వాల్వు ఉంటుంది. బోరు మోటారుకు స్టార్టరు ఉంటుంది. డాబా మీద ట్యాంకు అడుగున రెండు మూడు వాల్వులు ఉంటాయి. వాష్‌బేసిన్, సింకు, కమోడ్, గీజరు వీటిలో ప్రతిదాని దగ్గరా గోడలోంచి వచ్చే చిన్న యాంగిల్ కాక్ (ఆ ఒక్కదానికే నీళ్లు ఆపే వాల్వు) ఉంటుంది. ఏ వాల్వు ఏ గదికి నీళ్లు వదులుతుందో, ఒకదాన్ని మూసి గదుల్లో నల్లాలు తిప్పి చూసి తేల్చుకోండి. తేలినదాన్ని ఎండకు చెరగని పెయింటుతో పైపు మీదనే రాయండి. కాగితం మీద రాసి గోడకు అంటిస్తే రెండు వానలకే పోతుంది.

వాల్వులలో రెండు రకాలు సాధారణంగా కనిపిస్తాయి. గుండ్రటి చక్రం ఉన్న గేటు వాల్వును చాలా చుట్లు తిప్పాలి. పొడవాటి పిడి ఉన్న బాల్ వాల్వు పావు చుట్టుతో మూసుకుంటుంది. పిడి పైపు వెంట ఉంటే తెరిచి ఉన్నట్టు, పైపుకు అడ్డంగా ఉంటే మూసి ఉన్నట్టు. ఉప్పునీళ్లున్న ఇంట్లో గేటు వాల్వు నాకు నచ్చదు. లోపలి పలక దిగే గాడిలో ఉప్పు పేరుకొని, అది సగం దిగి ఆగిపోతుంది. బయటి నుంచి చూస్తే పూర్తిగా మూసినట్టే కనిపిస్తుంది. మార్చే అవకాశం వచ్చినప్పుడు బాల్ వాల్వే వేయించుకోండి. ఏ రకమైనా మూడు నెలలకొకసారి పూర్తిగా మూసి, మళ్లీ తెరవాలి. ఇంటి నిర్వహణలో ఇంత తక్కువ శ్రమతో ఇంత ఎక్కువ మేలు చేసే పని ఇంకొకటి నాకు తెలియదు.

పైపు విరిగినప్పుడు

మొదట చూడవలసింది నీళ్లను కాదు, కరెంటును. నీళ్లు స్విచ్‌బోర్డు మీదుగా, ఇన్వర్టరు దగ్గరికి లేదా నేల మీది ఎక్స్‌టెన్షన్ బోర్డు దాకా వెళుతుంటే, పొడి నేల మీద నిలబడి చేరుకోగలిగినప్పుడు మాత్రమే మెయిన్ స్విచ్ ఆపండి. మెయిన్ దాకా వెళ్లే దారిలోనే నీళ్లు నిలిచి ఉంటే అందులో అడుగు పెట్టకుండా బయటికి వచ్చి, విద్యుత్ సంస్థ వారి 1912 నంబరుకు ఫోన్ చేసి లైను ఆపించండి. ఆ తరువాత మోటారు ఆపండి. అది నడుస్తూ ఉంటే ట్యాంకు ఎంతకీ ఖాళీ కాదు. అప్పుడు విరిగిన లైనుకు సంబంధించిన వాల్వు మూసి, అదే లైనులో అన్నిటికంటే కింద ఉన్న నల్లా తిప్పితే పైపులో మిగిలిన నీళ్లు పగులు దగ్గర కారకుండా బకెట్లలోకి వస్తాయి. వాల్వు కదలకపోతే దానితో కుస్తీ పట్టవద్దు. పైన చెప్పినట్టు ట్యాంకు లోపలి నుంచి గుడ్డ కుక్కడమే దారి. పిడి విరిగితే నష్టం రెండింతలవుతుంది.

నీళ్లు ఆగిన తరువాత ప్లంబర్ వచ్చేదాకా గడవడానికి పాత సైకిల్ ట్యూబు బాగా పనికొస్తుంది. ట్యూబును రెండు అంగుళాల వెడల్పు పట్టీగా కోసి, పగులుకు ఇటు రెండు అంగుళాలు, అటు రెండు అంగుళాలు వచ్చేలా, ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పేలా బాగా సాగదీసి చుట్టండి. పైన బైండింగ్ వైరు లేదా క్లిప్పు బిగించండి. ఇది ఎందుకు ఆగుతుందంటే, ట్యాంకు నుంచి దిగే నీళ్ల ఒత్తిడి మీటరు ఎత్తుకు సుమారు 0.1 బార్ (ఒత్తిడి కొలమానం) మాత్రమే. రెండంతస్తుల ఇంట్లో కింది నల్లా దగ్గర అది 0.6, 0.7 బార్‌కు మించదు. మోటారు నుంచి ట్యాంకుకు ఎక్కే పైపు సంగతి వేరు. అక్కడ ఒత్తిడి చాలా ఎక్కువ కనుక ట్యూబు కట్టును నమ్మి మోటారు వేయకూడదు.

ఎం-సీల్ (రెండు ముద్దలు కలిపి పగుళ్లు మూసే బంక) వాడేవాళ్లు తరచుగా తడి పైపు మీదే దాన్ని అద్ది, తరువాత అది ఊడిపోయిందని బాధపడతారు. పైపును పొడిగుడ్డతో తుడిచి, ఉప్పుకాగితంతో (శాండ్ పేపరు) గరుకు చేసి, రెండు ముద్దలను రంగు పూర్తిగా ఒకటయ్యేదాకా పిసికి పెట్టాలి. గంటలో గట్టిపడినట్టు కనిపించినా పూర్తి బలం రావడానికి ఒక రోజు పడుతుంది కాబట్టి ఆ రోజంతా ఆ లైను మూసి ఉంచడమే మంచిది.

మే నెలలో మన డాబాల మీద ఎండ 44, 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. నీడ లేని తెల్ల పీవీసీ పైపు ఆ ఎండకు నాలుగైదేళ్లలో పెళుసెక్కి, కాలు తగిలినా విరుగుతుంది. డాబా మీది పైపులకు పెయింటు పూయించండి, లేదా వాటి చుట్టూ ఇన్సులేషన్ గొట్టం తొడగండి. వేడినీళ్ల లైనుకు మామూలు పీవీసీ ఎట్టి పరిస్థితిలోనూ వేయకూడదు. గీజరు నుంచి వచ్చే పైపు వేడిని తట్టుకునే సీపీవీసీ అయి ఉండాలి; చాలాచోట్ల అది లేత పసుపు రంగులో ఉంటుంది కాబట్టి చూడగానే గుర్తుపట్టవచ్చు.

ట్యాంకు పూర్తిగా ఖాళీ అయి మళ్లీ నిండిన తరువాత కొన్ని నల్లాలు బుస్సుమని ఆగిపోతాయి. పైపులో గాలి పట్టిందంటే ఇదే. ట్యాంకు నిండా నీళ్లు నింపి, ఆ లైనులోని నల్లాలన్నీ ఒకేసారి తెరవండి. అప్పటికీ రాకపోతే, నీళ్లు బాగా వస్తున్న నల్లాకూ గాలి పట్టిన నల్లాకూ మధ్య రబ్బరు గొట్టం బిగించి, రెండింటినీ తిప్పి ఒక నిమిషం ఉంచితే గాలి వెనక్కి తోసుకుపోతుంది. వేడినీళ్ల నల్లా నుంచి నీళ్లు ధారగా వచ్చేదాకా గీజరు స్విచ్ మాత్రం వేయవద్దు. నీళ్లు లేని గీజరులో కాయిల్ కొద్ది నిమిషాల్లోనే కాలిపోతుంది.

గీజరు

గీజరు గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో నీళ్లూ కరెంటూ వేడీ ఒకే డబ్బాలో ఉండే వస్తువు ఇది. మామూలుగా మనం కొనే గీజరు 2 కిలోవాట్లది. అది 9 ఆంపియర్ల దాకా కరెంటు లాగుతుంది. కాబట్టి దాన్ని 16 ఆంపియర్ల సాకెట్‌కే కలపాలి, దానికి వేరే ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతట అదే పడిపోయే స్విచ్) ఉండాలి, ఎర్తు వైరు తప్పనిసరిగా పనిచేస్తూ ఉండాలి. మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపే స్విచ్) పెట్టించుకోవడానికి అయ్యే ఖర్చును ఎవరూ దండగ అనుకోవద్దు. కాయిల్ పగిలి నీళ్లలోకి కరెంటు వచ్చినప్పుడు, ఎంసీబీ ఊరుకున్నా అది క్షణంలో లైను ఆపేస్తుంది. దాని మీద ఉన్న చిన్న టెస్ట్ బటన్ నెలకొకసారి నొక్కి చూడాలి; నొక్కినప్పుడు పడిపోతే అది బతికి ఉన్నట్టు.

15 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడి చేయడానికి లెక్క ప్రకారం 0.6 యూనిట్ల కరెంటు, 2 కిలోవాట్ల గీజరుకు 18, 20 నిమిషాలు పడతాయి. మీ గీజరుకు అదే పనికి ముప్పావుగంట పడుతోందంటే కాయిల్ మీద ఉప్పు పేరుకున్నదని అర్థం. ఆ మధ్య మా గీజరును విప్పించినప్పుడు లోపలి నుంచి బయటికి వచ్చిన కాయిల్‌ను చూసి చాలాసేపు అలాగే నిలబడిపోయాను. వేలు మందం ఉండవలసిన రాగి గొట్టం, ముంజేతి మందం తెల్లటి రాయిగా మారి ఉంది. స్క్రూడ్రైవరు పిడితో తడితే గుడ్డు పెంకులాంటి పెచ్చులు రాలాయి, ట్యాంకు అడుగు నుంచి వాటిని చేతులతో దోసిళ్ల కొద్దీ తీశాము. అప్పటికి రెండు శీతకాలాలుగా అది కెటిల్‌లా సన్నగా కూస్తూనే ఉంది. ఆ కూత ఉప్పు పొర కింద చిక్కుకున్న నీళ్లు మరిగే చప్పుడని మాకు తెలియలేదు.

కాబట్టి ప్రతి ఏడూ, కార్తీక మాసంలో చలి మొదలవకముందే గీజరును కడిగించండి. కనెక్షన్ తీసే పని ఎలక్ట్రీషియన్‌దే. మీరు చూసుకోవలసింది వరుస. ముందు ఎంసీబీ దించి, సాకెట్ నుంచి ప్లగ్గు పీకాలి. నీళ్లు పూర్తిగా చల్లారాలి. చన్నీళ్ల యాంగిల్ కాక్ మూసి, వేడినీళ్ల నల్లా తెరిచి, తరువాత కింది పైపు విప్పి ట్యాంకును ఖాళీ చేయాలి. కాయిల్‌ను బయటికి తీసి, గోరువెచ్చని నీళ్లలో నిమ్మఉప్పు కలిపి అందులో గంటా రెండు గంటలు నానబెడితే ఉప్పు పొర బుసబుసా పొంగి ఊడిపోతుంది. ఒక లీటరు నీళ్లకు నాలుగైదు చెంచాల నిమ్మఉప్పు సరిపోతుంది. బాత్రూం కడిగే యాసిడ్ పోస్తే పని త్వరగా అవుతుందని కొందరు చెబుతారు. వద్దు, అది రాగినీ, ట్యాంకు లోపలి పూతనూ తినేస్తుంది. కాయిల్ పక్కనే ఉండే మెగ్నీషియం కడ్డీ ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోతుంది. ఉప్పునీళ్లలో అది ఏడాది, రెండేళ్లలోనే సన్నటి తీగగా మిగులుతుంది కాబట్టి విప్పించినప్పుడే మార్పించండి. మల్టీమీటరు ఉన్నవాళ్లు కాయిల్ రెండు కొనల మధ్య కొలిచి చూడవచ్చు. 2 కిలోవాట్ల కాయిల్ అయితే 26 ఓమ్‌ల దగ్గర చూపాలి. ఏమీ చూపకపోతే కాయిల్ తెగినట్టే.

వేడినీళ్లు రావడం లేదని పిలిచే ముందు రెండు మూడు విషయాలు మీరే చూసుకోవచ్చు. ఎర్ర లైటు వెలగకపోతే ఎంసీబీ పడిందేమో చూడండి. సాకెట్ దగ్గర కాలిన వాసన, గోధుమరంగు మరక ఉంటే మళ్లీ స్విచ్ వేయవద్దు. ఎంసీబీ ఎత్తిన వెంటనే మళ్లీ పడితే దాన్ని పదేపదే ఎత్తడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. లైటు వెలిగి కూడా నీళ్లు వేడెక్కకపోతే కాయిల్ లేదా థర్మోస్టాట్ (వేడిని అదుపు చేసే స్విచ్) పోయినట్టు. గీజరు జాయింటు దగ్గర నీళ్లు కారితే బాగు చేయవచ్చు, కానీ ట్యాంకు శరీరం నుంచే తుప్పు రంగు నీళ్లు కారుతుంటే అతుకులు వేయించకుండా గీజరునే మార్చాలి.

చన్నీళ్ల పైపు దగ్గర ఉండే సేఫ్టీ వాల్వు వేడెక్కే సమయంలో చుక్కచుక్కగా కారుతుంది. చాలామంది దీన్ని చూసి కంగారు పడతారు. నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి. 15 లీటర్లు 60 డిగ్రీలకు వచ్చేసరికి దాదాపు ఒక గ్లాసు నీళ్లు అదనంగా చోటు అడుగుతాయి, ఆ గ్లాసే బయటికి వస్తుంది. గీజరు ఆపి ఉన్నప్పుడు కూడా ఆగకుండా కారితేనే వాల్వు మార్చాలి. కారుతోందని దానికి డమ్మీ మూత బిగించడం మాత్రం ఘోరమైన తప్పు. థర్మోస్టాట్ కూడా పాడైన రోజున ఆవిరికి బయటికి దారి లేక ట్యాంకు పేలుతుంది. మీ ఇంట్లో ఎవరైనా అలా మూసి ఉంటే ఈ రోజే తీయించండి.

థర్మోస్టాట్‌ను 50, 55 డిగ్రీల మధ్య ఉంచితే మన చలికి చాలు. 60 డిగ్రీల నీళ్లు నాలుగైదు సెకన్లలో చర్మాన్ని కాల్చగలవు. చిన్నపిల్లలకు, వృద్ధులకు అంతకంటే తక్కువ సమయం సరిపోతుంది. బకెట్లో ముందు చన్నీళ్లు, తరువాతనే వేడినీళ్లు పట్టే అలవాటు పిల్లలకు నేర్పండి. స్నానానికి వెళ్లే ముందు గీజరు స్విచ్ ఆపడం ఎర్తు మీద ఎంత నమ్మకమున్నా మానవద్దు. ఇంకొక మాట: గీజరు నీళ్లు వంటకు, తాగడానికి కాదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ బాధ తెలిసినవారికి ఇది చెప్పనక్కరలేదు కానీ, నీళ్లు కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో దాని పాలు పెరుగుతుంది.

నాకు తెలిసినంతలో గీజరును ఎక్కువ కాలం కాపాడే ఉపాయం ఒకటుంది. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ (ప్రారంభ స్తూపం) ఆవిష్కరించిన మిషన్ భగీరథ తరువాత మన ఇళ్లలో చాలావాటికి కృష్ణా నీళ్లు వస్తున్నాయి. అయితే చాలామంది ఆ నీళ్లనూ బోరు నీళ్లనూ ఒకే సంపులో కలిపేస్తున్నారు. డాబా మీద ఇంకొక చిన్న ట్యాంకు పెట్టి, కృష్ణా నీళ్లను దానికి మాత్రమే ఎక్కించి, వంటింటినీ గీజరునూ ఆ ట్యాంకుకు కలిపితే ఉప్పు పేరుకోవడం ఎంతో తగ్గుతుంది. బోరు నీళ్లు కమోడ్‌కు, పెరటికి, బండ్లు కడగడానికి ఉండనే ఉంటాయి.

గ్యాస్ గీజరు, నీళ్ల రాడ్

గ్యాస్ గీజరు మీద నాకు భయం ఉంది, ఆ భయాన్ని దాచుకోదలచుకోలేదు. తలుపూ కిటికీ మూసిన చిన్న స్నానాల గదిలో అది మండితే గాలిలోని ఆక్సిజన్ తగ్గి, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, కాళ్లు తేలిపోవడం దాని లక్షణాలు. లోపల ఉన్న మనిషికి తలుపు గడియ తీసే శక్తి కూడా మిగలదు. గీజరునూ సిలిండర్‌నూ గది బయట, గాలి ఆడే గోడకే బిగించాలి. లోపల ఎవరైనా పిలిచినా పలకకపోతే తలుపు పగలగొట్టి, మనిషిని ఆరుబయటికి లాగి, రెగ్యులేటరు ఆపి, 108కు ఫోన్ చేయండి. గ్యాస్ వాసన వస్తుంటే ఏ స్విచ్చూ వేయకుండా, తీయకుండా, తలుపులు తెరిచి బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయాలి.

నీళ్ల రాడ్ వాడే ఇళ్లు పల్లెల్లోనూ, చదువుకునే పిల్లల గదుల్లోనూ ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. ప్లాస్టిక్ బకెట్ మీద పొడి కర్ర అడ్డంగా పెట్టి రాడ్ తగిలించండి. రాడ్ మీది గీత దాకా నీళ్లు ఉన్న తరువాతనే స్విచ్ వేయండి. నీళ్లు కాగాయో లేదో వేలు పెట్టి చూడడానికి ముందు స్విచ్ ఆపి, ప్లగ్గు కూడా పీకండి. ఇనుప బకెట్‌లో రాడ్ వేయవద్దు. ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిన్ ఆపండి; ఆపలేకపోతే పొడి కర్రతో నెట్టండి తప్ప చేత్తో ముట్టుకోవద్దు.

మోరీ నిలిచినప్పుడు

నీళ్లు ఎక్కడ నిలిచాయో తెలుసుకోవడం సగం పని. ఒక్క సింకులోనో, ఒక్క స్నానాల గదిలోనో నిలిస్తే అడ్డు ఆ మోరీ మూతి దగ్గరే, అంటే దాని కింద నీళ్లు నిలిచే వంపు భాగమైన ట్రాప్‌లోనే ఉంటుంది. ఇంట్లో రెండు మూడు చోట్ల ఒకేసారి నెమ్మదించి, కమోడ్ నీళ్లు వదిలినప్పుడు కింది స్నానాల గది జాలీలోంచి గుటగుటమని బుడగలు వస్తే, అడ్డు బయట మురుగు పైపులు కలిసే ఛాంబర్‌లోనో సెప్టిక్ ట్యాంకుకు పోయే లైనులోనో ఉంది. అప్పుడు ఇంటి లోపల ఎంత పొడిచినా లాభం ఉండదు. నల్లాలన్నీ కట్టేసి, పెరట్లోని ఛాంబర్ మూత తీసి చూడాలి.

వంటింటి సింకు విషయంలో మన వంటే కారణం. గంజి, మెతుకులు, పోపు నూనె, జొన్నరొట్టెలు చేసిన చేతులు కడిగినప్పుడు పోయే పిండి, ఇవన్నీ పైపులో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. సంక్రాంతికి సకినాలు, గారెలు వేసిన మరునాడు సింకు నిలవని ఇల్లు తక్కువ. వాడిన నూనెను సింకులో పోయకుండా పాత డబ్బాలో పోసి చెత్తబండికి ఇవ్వండి. సింకు నిలిచినప్పుడు ముందుగా కింద బకెట్ పెట్టి, సీసాలా ఉండే బాటిల్ ట్రాప్ అడుగు మూతను చేత్తో విప్పండి. నూటికి తొంభై సార్లు ముద్ద అక్కడే చేతికి వస్తుంది. దాన్ని కడిగి, లోపలి రబ్బరు వాచర్ వంకర పోకుండా మళ్లీ బిగించండి. పానాతో బలంగా బిగిస్తే ప్లాస్టిక్ మర పగులుతుంది, చేతి బిగువు చాలు.

స్నానాల గదిలో వెంట్రుకలు, కుంకుడుకాయ తొక్కలు, ఉప్పునీళ్లతో గట్టిపడిన సబ్బు అడ్డుపడతాయి. కఠినమైన నీళ్లలో సబ్బు కరగకుండా బూడిదరంగు జిడ్డుగా మారి పైపు గోడలకు అంటుకుంటుంది. నహానీ ట్రాప్ (నేలలోని మోరీ మూతి) మీది జాలీ తీసి, లోపలి గిన్నెను బయటికి లాగి, గ్లవ్ తొడుక్కొని చేత్తోనే తీయండి. లోతుగా ఉంటే సన్నటి తీగ కొనను కొక్కెంలా వంచి లాగండి. లోపలికి నెట్టవద్దు, బయటికి లాగాలి. ఆ గిన్నె కంపు గాలిని ఆపడానికే ఉన్నది కాబట్టి శుభ్రం చేసి తిరిగి పెట్టడం మరవకండి.

రబ్బరు గిన్నె ఉన్న ప్లంజర్ వాడేటప్పుడు, గిన్నె మునిగేంత నీళ్లు నిలిచి ఉండాలి. వాష్‌బేసిన్ పైన ఉండే చిన్న రంధ్రాన్ని తడిగుడ్డతో మూయాలి. లేకపోతే మీ బలమంతా ఆ రంధ్రంలోంచి గాలిగా పోతుంది. పదిహేను ఇరవై సార్లు కుదుపుగా నొక్కి లాగండి. నెట్టుడు కంటే లాగుడే ఎక్కువ పనిచేస్తుంది. జిడ్డు కోసం వేడినీళ్లు పోయవచ్చు కానీ మరిగే నీళ్లు వద్దు. పీవీసీ పైపు మెత్తబడి వంగుతుంది, కమోడ్ అయితే పింగాణీ పగిలే ప్రమాదం ఉంది. వంటసోడా, వెనిగర్ కలిపి పోసే చిట్కాను నేను పెద్దగా నమ్మను. ఆ రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి; నురగ ఎంత వచ్చినా ముద్దను కదిలించదు.

మోరీ పొడి అని అమ్మేవాటిలో సాధారణంగా కాస్టిక్ సోడా ఉంటుంది. తప్పనిసరై వాడితే గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకొని, ప్యాకెట్ మీద రాసినంతే, చన్నీళ్లతో వాడండి. పొడి వేసిన మోరీ మీద ప్లంజర్ కొట్టవద్దు, ముఖం మీదికి చింది కళ్లు పోతాయి. పొడి పని చేయలేదని వెంటనే యాసిడ్ పోయడం ఇంకా ప్రమాదం. అలాగే యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులను కాలుస్తుంది. పొరపాటున కలిసి ఘాటు వాసన వస్తే కడగాలని ఆగకుండా వెంటనే బయటికి రండి. ప్లంబర్ వస్తే ఆ మోరీలో ఏమి పోశారో ముందే చెప్పండి. అతను తన చేతులు అందులో పెట్టబోతున్నాడు.

సెప్టిక్ ట్యాంకు లోపలికి ఎవ్వరినీ దింపకూడదు, ఎంత అనుభవమున్నవారు దిగుతానన్నా ఒప్పుకోకూడదు. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ నిండి, ఆక్సిజన్ ఉండదు. దిగినవారు రెండు మూడు శ్వాసల్లో కూలిపోతారు, కాపాడబోయి దిగిన రెండోవారి గతీ అంతే. రక్షణ లేకుండా మనుషులను దింపి శుభ్రం చేయించడాన్ని 2013 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. మున్సిపాలిటీకి చెప్పి పీల్చే ట్యాంకర్‌ను పిలిపించండి. మూత తీసినప్పుడు పిల్లలను దూరంగా ఉంచండి, అగ్గిపుల్ల గీయవద్దు.

ఇంట్లో ఉంచుకోవలసినవి, పని అయిన తరువాత చూడవలసినవి

ఒక డబ్బాలో పైపు పానా, టెఫ్లాన్ టేపు, సైకిల్ ట్యూబు ముక్క, బైండింగ్ వైరు, ఎం-సీల్, అర అంగుళం నల్లా వాచర్లు, రబ్బరు గ్లవ్స్, టార్చి, టెస్టరు పెట్టి, ఆ డబ్బా ఎక్కడుందో ఇంట్లో అందరికీ చెప్పండి. నల్లా చుక్కలు కారుతుంటే తేలికగా వదిలేయకండి. కింద గిన్నె పెట్టి గంట తరువాత కొలవండి. గంటకు ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్లు అయితే రోజుకు దాదాపు 5 లీటర్లు, నెలకు 150 లీటర్లు అవుతాయి. ఎక్కువసార్లు వాచర్ మారిస్తే ఆగిపోతుంది.

ప్లంబర్ పని ముగించి వాల్వు తెరిచిన వెంటనే డబ్బులిచ్చి పంపేయకండి. అరగంట సేపు ఆ లైనులో నీళ్లు వదిలి, జాయింటు చుట్టూ పొడి వేలితో తడిమి చూడండి. రాత్రి పడుకునే ముందు ఆ జాయింటు కింద పాత పేపరు ఒకటి పరచండి. కంటికి కనిపించని తేమ కూడా పొద్దున్నకల్లా పేపరు మీద ముడతలుగా, గుండ్రటి మరకగా తేలుతుంది. పేపరు పొడిగా ఉంటే అప్పుడు గోడకు సిమెంటు పూయించండి.